జవాబు కోసం ఆగే పాట

పక్క సీట్లో మా వదిన ఏడుస్తోంది. ముందు వరసలో ఒకావిడ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంటోంది. వెనక ఎవరో ముక్కు చీదారు. విశాఖపట్నంలో ఆ ఏసీ హాలు నిండా ఉన్న జనంలో, పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. వేదిక మీద నీలం లైటు కింద ఒక అమ్మాయి వెదురు బొంగు పట్టుకుని పాడుతోంది. ఆ పాట నాకు తొమ్మిదో తరగతి నుంచి కంఠతా వచ్చు. అది ఏడవాల్సిన పాట కాదు.

ఆ పాట మా వైపు నలుగురు కలిసి నడిపిన బేండుది. ఒకాయన గిటారు, ఒకాయన తుడుము, కాస్త పెద్ద వయసాయన మోరీ. పాడేది ఒక అక్క. తుడుమంటే మా పండగల్లో రెండు పుల్లలతో వాయించే, కుండకి తోలు బిగించినట్టుండే వాద్యం. మోరీ సన్నాయికి తమ్ముడి లాంటిది, గొంతు మాత్రం అన్న కన్నా పెద్దది. వాళ్ళకి స్టేజీ అంటే సంత రోజున ఖాళీ అయిన లారీ వెనక భాగం. మైకు ఒకటే ఉండేది. అది అక్క చేతిలో ఉంటే మిగతా వాళ్ళు లారీ తొట్టెనే మైకు చేసుకుని కాళ్ళతో దరువేసేవారు.

నేను మొదటిసారి విన్నది హాస్టలు నుంచి సెలవులకి ఇంటికొస్తూ, సంతలో బస్సు కోసం నిలబడ్డప్పుడు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. ఇంటికి ఆలస్యంగా వెళ్ళి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఎందుకాగావని అమ్మ అడిగితే చెప్పలేకపోయాను. పాట కోసం బస్సు వదిలేశానని చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు.

మాది అనంతగిరి దాటాక అరకు రోడ్డుకి ఆనుకుని ఉన్న చిన్న ఊరు. కొండవాలులో కాస్త కాఫీ తోట, కింద చోళ్ళు, అంటే రాగులు, సామలు. చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఈ రోజుల్లో ఆ వేట పేరుకే, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోయి వస్తారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళం రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పెట్టి వచ్చేపోయే బళ్ళని ఆపుతాం. ఏదో ఒకటి ఇస్తేనే వెదురు లేస్తుంది. కానీ ఆ ఇచ్చేది ముఖ్యం కాదు. ఆపినవాళ్ళు ఎగతాళి చెయ్యాలి, ఆగినవాడు దానికి తగ్గ జవాబు చెప్పాలి. ఆ మాటల పోట్లాటే అసలు పండగ. వెదురుకి అటు వైపున్నవాడు కలెక్టరైనా సరే, జవాబు తట్టకపోతే ఆ పూటకి వాడు మా ముందు చిన్నపిల్లాడే.

బేండు వాళ్ళు కట్టిన పాట ఆ వెదురు పాటే; తర్వాత మా ఊళ్ళో పండక్కీ అదే పాడటం మొదలైంది.

"దారి మాది, దుమ్ము నీది,
దాటిపోతే ఊరుకోము.
సంచిలోన ఏటున్నాదో
సూపితేనే వెదురు లేస్తాది."

ఇలా పాడి, ఠక్కుమని ఆగిపోయేవారు. తుడుము, గిటారు, అక్క గొంతు, అన్నీ ఒక్కసారే. నాలుగు చిటికెలు వేసేంత ఖాళీ. ఆ ఖాళీ వినేవాళ్ళది. అక్క మైకుని జనంలోకి చాపేది. ఎవరి వైపు చాపితే వాళ్ళు సంచిలో ఏముందో ఆ నాలుగు చిటికెల్లో చెప్పాలి. బాగా చెబితే తుడుము ధనధనమని మోగి పాట ముందుకెళ్ళేది. చెప్పలేకపోతే మోరీ కీచుమని వెక్కిరించేది. ఆ కీచుకే జనం పడీ పడీ నవ్వేవారు.

నేను లారీ పక్కన నిలబడి విన్న జవాబులు ఇప్పటికీ గుర్తే. ఎండుచేపలమ్మే ఆయన: "ఎండు సేపలే, వాసన సూసి వదిలీయండమ్మా." బస్సు కండక్టరు: "టిక్కెట్లున్నాయి, సిల్లర నేదు." ఒక ముసలమ్మ: "సంచి మా ముసిలోడిది, ఆడు తాగీసి తొంగున్నాడు, లేపి అడుగు." ఆ ముసలమ్మకి తుడుమాయన లారీ దిగి వచ్చి మరీ దండం పెట్టాడు. మా లెక్కల మాస్టారి వైపు మైకు తిరిగితే ఆయన గొంతు సవరించుకుంటూ ఉండిపోయారు. మోరీ కీచుమంది. తర్వాత చాలా రోజులు ఆయన బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు కీచుమనేవారు.

ఒకసారి మైకు నా వైపు కూడా వచ్చింది. నేను పక్కనున్న ఆవిడ వెనక్కి జరిగాను. మైకు పక్కకి వెళ్ళిపోయింది. నాకు జవాబులు ఎప్పుడూ ఇంటికొచ్చాకే తడతాయి. దుకాణంలో తప్పు సామాను ఇచ్చినా, బస్సులో ఎవరైనా కాలు తొక్కినా, ఏమనాలో నాకు తెలిసేది చాప మీద వాలాకే. అవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అందుకే ఆ పాట నాకు అంత ఇష్టం. పాట అంతా ఆగి, నోరులేని మనిషి కోసం కూడా నాలుగు చిటికెలు ఎదురుచూసే చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు. పుస్తకాలంటే నాకు ప్రాణం, కానీ పుస్తకం మనం మాట్లాడతామేమోనని ఆగదు.

కొన్నేళ్ళ కిందట బేండు ఆగిపోయింది. గొడవలేమీ లేవు. గిటారాయనకి సీలేరు ప్రాజెక్టులో పని దొరికింది. అక్క పెదబయలు వైపు నర్సుగా వెళ్ళింది. మోరీ పెద్దాయనకి ఆయాసం పట్టుకుంది. తుడుము ఒక్కటే మిగిలితే అది బేండు కాదు, తుడుమే. నేను డిగ్రీ అయ్యాక అరకులో ఒక జిరాక్స్ షాపులో చేరాను. వాళ్ళ పాటలు ఫోన్లో ఉన్నవే విని విని అరగదీశాను.

అలాంటప్పుడు ఈ నాటకం గురించి తెలిసింది. విశాఖపట్నంలో ఒక నాటక బృందం వాళ్ళు మా బేండు పాటలన్నీ తీసుకుని, వాటి చుట్టూ ఒక కథ అల్లి, పాటల నాటకం వేస్తున్నారట. ఆ సంగతి వీడియోలో చూసిన రోజు నేను ఒకాయన ఆధార్ కార్డు బదులు రేషను కార్డు జిరాక్స్ తీసి ఇచ్చాను. మళ్ళీ ఆ ఖాళీని వింటాను. ఈసారి లారీ కాదు, పెద్ద హాలు. చీకట్లో ఎవరికీ నేను కనపడను. చీకట్లో అయితే జవాబు చెప్పగలనేమో అనిపించింది. నాలుగైదు జవాబులు ముందే సిద్ధం చేసుకున్నాను కూడా.

ఒక్కదాన్నే పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. వదినని తోడు రమ్మన్నాను. వదిన మా అన్నయ్య భార్య, పెదబయలు అవతల ఊరి నుంచి వచ్చిన మనిషి. నాకు ఎంత నోరు లేదో ఆమెకి అంత ఉంది.

"పాటలు ఇనడానికి ఇశాపట్నం ఎందుకే?" అంది. "నీ ఫోన్లో ఉన్నాయి గదా. రోజూ ఇని ఇని నా సెవులు సిల్లులు పడిపోతన్నాయి."

"ఫోన్లో వేరు వదినా. అక్కడ మనుషులు పాడతారు."

"మనుసులా? టీవీలో పాడినోళ్ళు దెయ్యాలేటి?" అంది గానీ వచ్చింది. గోపాలపట్నంలో ఉన్న వాళ్ళక్కని చూసి రావచ్చని ఆమె లెక్క.

నాటకం మొదలయ్యాక మొదటి పావుగంట నేను నిజంగానే సంతోషంగా ఉన్నాను. అది ఒప్పుకోవాలి. తెర లేవకముందే చీకట్లో తుడుము మోగింది. అంత పెద్ద స్పీకర్లలో తుడుము నేనెప్పుడూ వినలేదు. కుర్చీ చేతుల్లోంచి నా మోచేతుల్లోకి ఎక్కింది. ఆ ఒక్క నిమిషం కోసం ఘాట్ రోడ్డు మలుపులన్నిట్లో వాంతులు చేసుకుంటూ వచ్చినా పరవాలేదనిపించింది.

తెర లేచింది. వేదిక మీద కాఫీ మొక్కలు. వాటి నిండా తెల్లపూలు, అదే కొమ్మకి ఎర్రపళ్ళు. వదిన నా చెవిలో, "ఇదేటే, బాలింతకి పెళ్ళి సేసినట్టున్నాది," అంది. మా తోటలో పళ్ళు కోసేసిన తర్వాత ఎన్నాళ్ళకో గానీ పూలు రావు. నేను నవ్వాను. ఆడే అమ్మాయిల తలల్లో పక్షి ఈకలు గుచ్చారు. మా ఊళ్ళో తలలో ఈక ఉందంటే అది కోడిని కోసిన రోజు తల దువ్వుకోలేదని అర్థం. అదీ నవ్వుకునే వదిలేశాను. నాటకం కదా, ఏదో ఒకటి పెట్టాలి.

కథ ఏమిటంటే, పట్నం నుంచి ప్రాజెక్టుకి వచ్చిన ఇంజనీరు కొండ పిల్లని ప్రేమిస్తాడు. బదిలీ అవుతుంది. వెళ్ళిపోతాడు. మధ్య మధ్యలో మా పాటలు. కోతల పాట వాళ్ళ ప్రేమ పాట అయింది. సంత పాట విలను పాట అయింది. ప్రతి పాటకీ ముందు ఎవరో ఒకరు దానికి తగ్గట్టు ఒక మాట అనేవారు, నాకు అది చూస్తుంటే వేరేవాళ్ళ కొలతలకి కుట్టిన జాకెట్టుని లాగి లాగి తొడుగుతున్నట్టు అనిపించింది. అయినా ఓర్చుకున్నాను. వెదురు పాట ఇంకా రాలేదు.

అది ఆఖర్న వచ్చింది. ఇంజనీరు పెట్టె పట్టుకుని బయల్దేరాడు. కొండ పిల్ల వెదురు బొంగు తెచ్చి అతని దారికి అడ్డం పెట్టింది. తుడుము మోగుతుందని నేను కుర్చీలో ముందుకి జరిగాను. వయొలిన్ మొదలైంది.

దారి... మాది... దుమ్ము... నీది...

ఒక్కొక్క మాటా నూతిలోంచి చేదతో తోడుతున్నట్టు పాడింది. ఎగతాళి చెయ్యాల్సిన చోట గొంతు వణికించింది. "సంచిలోన ఏటున్నాదో" అనేటప్పుడు అతని పెట్టెని గుండెకి హత్తుకుంది. సరే, ఇంకా ఖాళీ ఉంది కదా, ఖాళీలో ఏం చేస్తారో చూద్దామనుకున్నాను. ఖాళీ వచ్చింది. నాలుగు చిటికెలు కాదు, పది చిటికెలు సాగింది. ఇంజనీరు జవాబు చెప్పలేదు. చెప్పడు కూడా. అతను తల దించుకున్నాడు. ఆమె కంట్లోంచి నీళ్ళు కారాయి, నీలం లైటులో అవి మెరిసేటట్టు మొహం కొంచెం పైకెత్తింది. హాలు హాలంతా ఊపిరి బిగపట్టింది. ఆమె తనంతట తనే వెదురు ఎత్తి అతన్ని పోనిచ్చింది.

నా జవాబులు నా గొంతులోనే ఉన్నాయి. "సంచిలో మా అమ్మ పెట్టిన పచ్చడుంది, కారం తట్టుకోలేరు, వదిలీయండి." ఇది నేను వారం రోజులు ఆలోచించి పెట్టుకున్నది. ఆ నిశ్శబ్దంలో అది అంటే ఏమవుతుంది? నన్ను బయటికి పంపేస్తారు. ఆ ఖాళీ ఇప్పుడు ఎవరిదీ కాదు, ఆ లైటుది. వినేవాళ్ళ కోసం వదిలిన చోటులో, వినేవాళ్ళని కదలకుండా కూర్చోబెట్టారు. పైగా వెదురు ఊరికే ఎత్తేసింది. మా ఊళ్ళో ఏ ఆడదీ జవాబు రాకుండా వెదురు ఎత్తదు.

అప్పుడే పక్కకి చూశాను. వదిన ఏడుస్తోంది.

నాటకం అయ్యాక హాలు బయట జనం ఫొటోలు దిగుతున్నారు. ఒక మూల అక్క కనపడింది, మా బేండు అక్క. మామూలు నేత చీర, భుజాల మీద వాళ్ళు కప్పిన శాలువా, చేతిలో మెరుపు కాగితం చుట్టిన జ్ఞాపిక. ఎవరూ ఆమెతో ఫొటో దిగడం లేదు. ఫొటోలన్నీ ఏడ్చిన అమ్మాయితోనే. వదిన తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. నేను వదిన వెనక.

"ఏడిపించీసినారక్కా," అంది వదిన. "ఈ గుంట నీ పాటలంటే పడి సస్తాది. అరకు కాడ్నించి వచ్చినాం."

అక్క నన్ను చూసి నవ్వింది. "అవునా గుంటా? నచ్చినాదా మరి?"

ఇన్నేళ్ళ తర్వాత మైకు మళ్ళీ నా వైపు వచ్చినట్టైంది. ఈసారి నేను పక్కకి జరగలేదు. "ఆ ఖాళీలో... అక్కా, ఆ ఖాళీలో ఎవరూ ఏమీ అనలేదు," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

అక్క శాలువా సర్దుకుంది. "నాకూ అలాగే అనిపించినాది," అంది. "రియార్సల్లో ఆ నాటకం ఆడించే మేడమ్‌ని అడిగినాను. మేడమ్, ఇక్కడ జనం మాటాడాల, అని. ఆవిడ బాగానే మాటాడింది, టికెట్టు కొనుక్కున్నోళ్ళు మాటాడరండీ, సూత్తారు, అంది. ఇంకేటి సెప్తాను?"

"మరి ఊరుకున్నావా?" నేను అలా అడిగానని నాకే ఆశ్చర్యం.

"ఇచ్చీసినాం గదే. కోడిపెట్టని ఇచ్చీసినాక అది పొదుగుతాదో, కూరౌతాదో మనం అడగ్గలమేటి?" అంది. తర్వాత, మొహం పక్కకి తిప్పి, "మా మోరీ పెద్దాయనకి సెప్పనేదు నాను. ఆయన సోటు తీసీసినారని," అంది.

నాకు కోపం చూపించడానికి ఎవరూ మిగల్లేదు. అక్క మీద కోపగించలేను. ఆ మేడమ్‌ని నేను చూడనే లేదు. చూసినా ఏమంటాను, చక్కగా మాట్లాడే మనిషి అంటున్నారు. మిగిలింది వదిన. తిరుగు బస్సు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కింది. తర్వాత వదినే మొదలుపెట్టింది.

"ఏటే, మొకం అలా మాడ్సుకున్నావు? డబ్బులు పెట్టి తీసుకెళ్ళి నన్ను ఏడిపించినావు, ఇప్పుడు నువ్వు అలిగినావు."

"అది ఏడుపు పాట కాదు వదినా. నీకు తెలీదా? ప్రతి ఏడూ వెదురు దగ్గర నువ్వే కదా అందరికన్నా గట్టిగా పాడేది."

"తెలుసు. అయితే ఏటి? ఏడుపొచ్చినాది, ఏడిసినాను. ఆపుకోవాలేటి?"

"ఎగతాళి పాటని పట్టుకుని ఏడుపు చేశారు. అందులో ఏడవడానికి ఏముంది?"

వదిన కిటికీ అద్దం మూసింది. "నాను పెళ్ళయి వచ్చినపుడు మా ఊరోళ్ళు జీపుకి వెదురు అడ్డం పెట్టినారు," అంది. "పండగ కాదు, ఊరికే, నన్ను పంపడం ఇష్టం నేక. మీ అన్నయ్య జవాబు సెప్పినాడు, అందరూ నవ్వినారు, వెదురు ఎత్తీసినారు. నాను నవ్వినాను. ఆ యేల ఏడవనేదు. ఇయ్యేల ఏడిసినాను. నీకేటి నష్టం?"

వదిన ఊరుకోలేదు. "నువ్వు పుస్తకాలు సదివి సదివి, పాటని కూడా పుస్తకం సేసీసినావే గుంటా. అచ్చరం మారితే తప్పంటావు."

ఆమె అన్నది అన్యాయం. ఎందుకు అన్యాయమో నాకు ఇంటికి వచ్చాక తట్టింది. అక్షరం ఒక్కటీ మారలేదు. మాటలన్నీ అలాగే ఉన్నాయి. వాళ్ళు తీసేసింది మాటలు లేని చోటుని. అది పోతే మాటలు ఎన్ని ఉన్నా పాట లేనట్టే. ఇదంతా డైరీలో రెండు పేజీలు రాశాను. రాసి ఏం లాభం, వదిన నిద్రపోతోంది.

ఆ తర్వాత నెలన్నర నాకు ఆ వయొలిన్ నుంచి తప్పించుకునే దారి లేకపోయింది. నాటకంలో ఆ ముక్క వీడియోగా ఫోన్లన్నిట్లోకి వచ్చింది. మా షాపు యజమాని రింగుటోన్ పెట్టుకున్నాడు. రోజుకి ఎన్నిసార్లు ఫోను మోగితే అన్నిసార్లు "దారి... మాది..." అని నూతిలోంచి వచ్చేది. కాఫీ తాగడానికి వచ్చే టూరిస్టులు వ్యూ పాయింటు దగ్గర దానికి నెమ్మదిగా నడుస్తూ రీళ్ళు తీసుకునేవారు. ఒకరోజు ధైర్యం చేసి ఆ వీడియో కింద రాశాను: ఈ పాట అసలు వేగంగా పాడేది, మధ్యలో వినేవాళ్ళు జవాబు చెప్పాలి. ఎవరో వెంటనే జవాబు రాశారు. అసలు దాని కంటే ఇదే బాగుంది సిస్టర్, ఫీల్ ఉంది. నేను జవాబు కోసం ఇంతకాలం కొట్టుకుంటే, వచ్చిన జవాబు అది.

అప్పటికింకా నా బాధ నాదే అనుకున్నాను. పండగొచ్చాక తెలిసింది, అంతకన్నా పెద్దదేనని.

పండగ రోజు మగవాళ్ళు అడవికి పోయారు. మేము మలుపు దగ్గర వెదురు పెట్టాం. నా పని ఎప్పుడూ ఒకటే. వెదురు ఒక కొస రాళ్ళ మీద ఉంటుంది, రెండో కొస నా చేతిలో. ఎత్తమన్నప్పుడు ఎత్తుతాను, దించమన్నప్పుడు దించుతాను. మాట్లాడక్కర్లేని పని కాబట్టి చిన్నప్పటి నుంచి అది నాదే. మాటలాడేది, పాడేది మిగతావాళ్ళు.

మొదటి కారు వచ్చింది. హైస్కూలు ఆడపిల్లలు ముందుకి ఉరికారు. చేతులు కలిపి నిలబడి మొదలుపెట్టారు. దారి... మాది...

నెమ్మదిగా. గొంతు వణికిస్తూ. ఒకమ్మాయి మొహం కొంచెం పైకి కూడా ఎత్తింది.

కారులో వాళ్ళు అద్దం దించి ఫోన్లు బయట పెట్టారు. "అదేనండీ, ఆ నాటకంలో పాట," అంది లోపల ఒకావిడ. ఖాళీ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, నోటు చాపింది. పిల్లలు తీసుకున్నారు. నేను వెదురు ఎత్తాను. కారు పోయింది. రెండో బండీ అంతే, మూడోదీ అంతే. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ నవ్వలేదు. గట్టు మీద కూర్చున్న మా పెద్దత్త చుట్ట తీసి పక్కన పెట్టింది.

"ఏటే ఇది, గుంటలారా? ఊళ్ళో ఎవలైనా సచ్చిపోయినారేటి?"

"ఇప్పుడు ఇలాగే పాడతన్నారు అత్తా," అన్నారు పిల్లలు.

"ఎవలు?"

పిల్లలు ఫోను చూపించారు. పెద్దత్త దాన్ని కళ్ళకి దూరంగా పెట్టి చూసి, "ఈ గుంటకి వొంట్లో బాగునేదు," అని తిరిగి ఇచ్చేసింది.

నేను లెక్క వేసుకున్నాను. ఈ పిల్లలకి ఇది రెండేళ్ళు అలవాటైతే, ఆ తర్వాత వచ్చే పిల్లలకి ఇదే పాట. ఖాళీ ఎందుకుందో అడిగేవాళ్ళు కూడా ఉండరు. నాటకం నా ఒక్కదాని పాటని పాడు చేసిందని ఇన్నాళ్ళూ ఏడ్చుకున్నాను. మా వెదురు దగ్గరికి కూడా వచ్చేసింది.

అప్పుడు సుంకరమెట్ట వైపు నుంచి బస్తాల జీపు వచ్చింది. డ్రైవరు మాకు తెలిసినవాడే, వారానికి రెండుసార్లు మా ఊరి మీదుగానే పోతాడు. పిల్లలు మళ్ళీ నెమ్మదిగా పాడారు. అతను స్టీరింగు మీద గడ్డం ఆనించి ఆవలించాడు. జేబులోంచి ఏదో తీసి ఇచ్చేశాడు. "ఎత్తు," అన్నారు పిల్లలు.

నేను ఎత్తలేదు.

"ఎత్తవేటి?" అన్నాడు డ్రైవరు.

ఏమనాలో నాకు తెలీదు. నోరు తిరగలేదు. చెయ్యి తిరిగింది. వెదురు బోలుగా ఉంటుంది కదా, అరచేత్తో దాని మీద కొట్టాను. లారీ మీద వాళ్ళు కాళ్ళతో వేసిన దరువు. మళ్ళీ కొట్టాను. పిల్లలు నన్ను వింతగా చూశారు. నా చెవులు కాలిపోతున్నాయి. ఆపేద్దామనుకుంటుండగా వెనక నుంచి వదిన గొంతు లేచింది. దారి మాది దుమ్ము నీది దాటిపోతే ఊరుకోము. గబగబా, వెక్కిరింపుగా, ప్రతి ఏడూ పాడినట్టే. పెద్దత్త అందుకుంది. ఇంకో ఇద్దరు అందుకున్నారు. సంచిలోన ఏటున్నాదో సూపితేనే వెదురు లేస్తాది.

నా చెయ్యి ఆగింది. అందరూ ఆగారు. ఖాళీ.

డ్రైవరు మమ్మల్ని చూశాడు. ఒక చిటిక. రెండు. అతనికి తన వంతని గుర్తే లేదు. మూడు. అంత కష్టపడి తెచ్చిన ఖాళీ నా కళ్ళముందే వృథా అయిపోతోంది. అతని మీద వచ్చిన కోపంలోనే నా నోరు తెరుచుకుంది.

"బస్తాల్లో మా కాఫీ గింజలే. మావే మాకు సూపించడానికి సిగ్గేత్తంది."

అతని జవాబు నేను చెప్పాను, అతని గొంతులా మార్చి. పెద్దత్త దగ్గు పట్టుకునేంతగా నవ్వింది. డ్రైవరుకి అప్పుడు వెలిగింది. "ఓలమ్మ, దీనికి నోరున్నాదా?" అన్నాడు. "నాను మూగదనుకున్నాను." పిల్లలు మోరీ లేని లోటు తీరుస్తూ అతన్ని కీచుమని వెక్కిరించారు. ఆ కీచు వాళ్ళకెవరు నేర్పారో తెలీదు. నేను వెదురు ఎత్తాను.

కథ అయితే అక్కడితో అయిపోవాలి. కానీ ఆ వెంటనే ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. పిల్లలు నా వైపు చూశారు, కారు వైపు చూశారు. కారులోంచి ఒకాయన, "అమ్మా, ఆ నాటకంలో పాట పాడరా? స్లోగా, అదే, ఏడుస్తూ ఉంటుంది," అన్నాడు. ఫోను అప్పటికే పైకెత్తాడు. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి. చేతులు కలిపి, దారి... మాది... మొదలుపెట్టారు. నాకు వెదురు అక్కడ పడేసి ఇంటికి పోదామనిపించింది.

పాట ఖాళీ దగ్గరికి వచ్చింది. ఆయన కిటికీలోంచి ఫోను పట్టుకునే ఉన్నాడు. ఒకమ్మాయి మొహం పైకెత్తింది. నిశ్శబ్దం. ఆయన బాగుంది, చాలా బాగుందని తలూపి, జేబులోంచి నోటు తీశాడు.

నేను వెదురు గట్టిగా పట్టుకున్నాను.

"అవనేదు బాబూ," అంది వదిన కారు కిటికీ మీద చెయ్యి వేసి. "డబ్బులు కాదు. సంచిలో ఏటున్నాదో మీరు సెప్పాల. పాట మిమ్మల్ని అడిగినాది గదా."

"నేనా? ఏం చెప్పాలి?"

"ఏటో ఒకటి సెప్పండి, నవ్వొచ్చేటట్టు. నేపోతే ఆ గుంట ఎత్తదు." వదిన నా వైపు చెయ్యి చూపించింది. "దాంతో నావల్ల కాదు. మొండిది."

ఆయన ఫోను దించాడు. వెనక బస్సు హారను కొట్టింది. ఆయన భార్య వైపు చూశాడు, వెనక సీట్లో ఉన్న సంచుల వైపు చూశాడు, ఏమీ తట్టక నా వైపు చూశాడు. నేను ఎత్తలేదు.